నా సమక్షంలో ఘోడా

నాకు కోపం వస్తే ఎవరికీ తెలియదు. దవడ కాస్త బిగుసుకుంటుంది, అంతే. మా ఆవిడ అది చూసి పన్ను నొప్పేమో అని లవంగం తెచ్చిస్తుంది. ఇన్నేళ్ళలో ఎన్ని లవంగాలు నమిలానో. నలుగురు కూచున్న చోట ఎవరో ఒకరు మొదలుపెడతారు, నడుముకి తుపాకి పెట్టుకుని తిరిగేవాణ్ణి ఇట్టే పట్టెయ్యొచ్చండీ, నడకలోనే తెలిసిపోతుంది అని. వెంటనే నాకు లవంగం అవసరం పడుతుంది. తెలియదు. నడకలో తెలియదు, కూచోవడంలో తెలియదు, మాటలో అసలే తెలియదు. ఒక రివాల్వర్ పక్కన మూడు నెలలు ఒకే బల్ల మీద కూచుని, దాని నడుము నొప్పి ఎలా ఉందో కనుక్కుంటూ టీ తాగినవాణ్ణి చెబుతున్నాను.

ఎనభైల నడుమ సంగతి. అమీర్‌పేటలో ఒక మేడ మీద టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నేను అందులో షార్ట్‌హ్యాండ్ మాస్టర్ని. గోదావరి పక్క నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. కింద, మెట్ల పక్కన, రేకు తలుపుల గది ఒకటి. అందులో దర్జీ. ఆ ఊళ్ళో దర్జీని కూడా మాస్టర్ అనే పిలుస్తారు. కింద నుంచి ఎవరైనా మాస్టర్ అని కేకేస్తే ఇద్దరం పలికేవాళ్ళం. నేను మేడ మీద నుంచి తొంగి చూస్తే, మీరు కాదు అన్నట్టు చెయ్యి ఊపేవాళ్ళు. ఆయన గుడ్డ కత్తిరించేవాడు, నేను మాటలు కత్తిరించేవాణ్ణి. ఆయన కత్తిరించింది మనిషికి సరిపోయేది. తేడా అంతే.

ఆయన తండ్రి కూడా ఆ గదిలోనే కుట్టాడు. మిషను తండ్రిదే. దాని చక్రం మీద నల్లరంగు పోయి, చెయ్యి పడే చోట మాత్రం ఇత్తడిలా మెరిసేది. స్థలం ఎవరో పాత జాగీరు కుటుంబానిది. కాగితం లేదు, రసీదు లేదు, నోటిమాట మీద రెండు తరాలు గడిచిపోయాయి. ఆ నోటిమాట ఇచ్చినవాళ్ళూ పోయారు. దర్జీ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు, గిరాకీతో తెలుగు. మిషను మీద కూచుంటే రెండూ మాట్లాడేవాడు కాదు. నా ప్యాంట్లన్నీ ఆయన చేతివే. నాకు కొలత తీసినప్పుడల్లా, సార్, మీకు నడుము లేదు, బెల్టు ఉన్నది, అనేవాడు.

నా విద్య గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నన్ను ముంచింది అదే. షార్ట్‌హ్యాండ్‌లో క, గ రెండిటికీ ఒకటే అడ్డగీత. సన్నగా లాగితే క. పెన్సిల్ వత్తి లాగితే గ. వేగంలో అచ్చులు ఎలాగూ ఎగిరిపోతాయి, ఒత్తులు ఊడిపోతాయి. మిగిలేది గీత, దాని మందం. కాబట్టి కన్ను, గన్ను ఒకటే గుర్తు, ఒకటి సన్నం, ఒకటి మందం. నేను ఈ ఉదాహరణే పిల్లలకు చెప్పేవాణ్ణి, వాళ్ళు నవ్వుతారని. "వత్తిడిలోనే ఉంది అర్థమంతా" అని బల్ల మీద చెయ్యి వత్తి మరీ చూపించేవాణ్ణి. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పుడు దానికే మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది.

ఆ ఏడు చలి వెనకబడ్డ రోజుల్లో సఫారీ ఆయన వచ్చాడు. అప్పట్లో సఫారీ వెయ్యనివాడు మగాడు కాదు. పొట్టి చేతులు, నాలుగు జేబులు, ప్యాంటు పైకి వదిలేసిన చొక్కా. ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, పెళ్ళికొడుకులు, పెళ్ళికొడుకుల మేనమామలు. ఉర్దూలో సఫర్ అంటే ప్రయాణం, ఇంగ్లీషులో సఫర్ అంటే బాధ. మే నెలలో టెరికాట్ సఫారీ వేసుకుని సిటీ బస్సెక్కినవాడికి రెండూ ఒకేసారి దొరికేవి. ఈయన మాత్రం చెమట పట్టని మనిషి. దర్జీ గది ముందు బల్ల మీద, చివర కూచునేవాడు. పంజగుట్టలో స్థలాలు కొని మేడలు కట్టే ఒకాయన దగ్గర బయటి పనులు చూస్తానని చెప్పాడు. బయటి పనులంటే ఏమిటో నేను అడగలేదు. ఎందుకడగలేదంటే, ఆయన నన్ను "మాస్టారూ" అన్నాడు.

ఆరేళ్ళుగా సార్, సాబ్, అన్న అని వింటున్న చెవికి ఆ రాగం తీసిన "మాస్టారూ" ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఏంటండీ, రండీ, కూచోండీ. మా పక్కవాడు. ఏ ఊరని అడిగాను, చెప్పాడు, మా ఊరికి రెండు రేవుల అవతల. ఇక అంతే. నా కళ్ళకు గంతలు కట్టింది ఆ "అండీ" ఒక్కటే. మనవాడు అనే మాట ఎంత వెధవ మాటో, దాన్ని తలుచుకుని ఇప్పుడు తిట్టుకుంటున్నాను గాని, అప్పుడు దానికి నా టీలో సగం పోసిచ్చాను.

ఒకరోజు ఆయన చేతిలోంచి అగ్గిపెట్టె జారి కిందపడింది. వంగలేదు. దాని వంక చూశాడు, నా వంక చూశాడు. నేను వంగి తీసిచ్చాను. నడుం పట్టేసిందా అండీ అని అడిగితే, అవునండీ, పాతదే, అన్నాడు. నాకు జాలేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న తైలం సీసా ఒకటి ఉంటే మర్నాడు పట్టుకొచ్చి ఇచ్చాను. రెండు పూటలా కుడి నడుముకి బాగా రుద్దమన్నాను. తుపాకిలో కూరేదాన్ని కూడా మన భాషలో మందే అంటాం కదా. మందున్నవాడికే మందిచ్చిన మహానుభావుణ్ణి నేను.

మూడు వారాల తర్వాత ఆయన ఒంటి మీదికి కొత్త సఫారీ వచ్చింది. మీగడ రంగు. మా దర్జీ కుట్టింది. ఆ వారంలోనే మళ్ళీ అగ్గిపెట్టె పడితే చులాగ్గా వంగి తీసుకున్నాడు. నా తైలం పని చేసిందని నలుగురికి చెప్పుకున్నాను. ఎదురుగా ఇస్త్రీ బండి అతను ఒకసారి ఆ సఫారీని తిరగేసి ఇస్త్రీ చేస్తుంటే, లోపలి గుడ్డకి కుడి పక్కన నూనె మరక కనపడింది. పాపం క్రమం తప్పకుండా రాసుకుంటున్నాడు అని సంతోషించాను. ఇస్త్రీ అతను మరక వంక చూసి, నా వంక చూసి, బొగ్గుల పెట్టెని దాని మీద నుంచి మెల్లిగా పక్కకి జరిపాడు. "ఘోడావాలా సాబ్‌ది" అన్నాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

ఘోడా అంటే గుర్రం. నా హిందీ అంతవరకే. ఆ వీధి మాటల్లో తుపాకిని కూడా ఘోడా అంటారని, అది మూడేళ్ళ పిల్లాడికి తెలిసిన సంగతని, ఆ మరక తుపాకికి పూసిన నూనెదని నాకు తెలియదు. నాకు తెలిసినదల్లా మలక్‌పేటలో గుర్రప్పందాలు జరుగుతాయని. ఓహో, ఈయనకి పందాల పిచ్చి ఉందన్నమాట, అనుకున్నాను. ఇరానీ హోటల్లో కూడా అదే మాట విన్నాను. గోడకి వీపు ఆనే మూల కుర్చీ ఆయన కోసం ఖాళీగా ఉంచేవాళ్ళు, ఘోడావాలా సాబ్ వస్తాడని. వీధి వీధంతా చూసింది. వీధంతా పేరు కూడా పెట్టింది. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. మరి చూసినవాళ్ళు ఏం చేశారు? కుర్చీ ఇచ్చారు, ఇస్త్రీ చేశారు. నా గుడ్డితనం మీద నాకెంత కోపమో, ఆ చూపు మీద అంత కోపం. పైగా వాళ్ళ మీద కోప్పడే అర్హత నాకు లేదని ఇంకో కోపం.

చనువు కొద్దీ ఒకనాడు అడిగాను కూడా. మీకు గుర్రాలంటే ఇష్టమటగా, అందరూ అదే పేరుతో పిలుస్తున్నారు, అన్నాను. ఆయన నవ్వాడు.

"మా గుర్రం ఇంతవరకూ పరిగెత్తలేదండీ మాస్టారూ. కట్టేసే ఉంచాను."

అదే మంచిదండీ, పరిగెత్తితే కొంపలు కూలతాయి, అన్నాను. ఆయన నా భుజం తట్టాడు.

దర్జీ మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు నేను ప్యాంటు కొలతకి వెళితే, టేపు మెడలో వేసుకుని, తలుపు దగ్గరికి చేరవేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సార్, గా సాబ్‌తోని జర దూరం ఉండుండ్రి. ఆయన దగ్గర ఘోడా ఉన్నది."

నేను నవ్వాను. నాకు తెలుసులే మాస్టర్, ఎప్పుడో తెలుసు, మనిషన్నాక ఏదో ఒకటి ఉంటుంది, దాంతో మనకేం పని, అన్నాను. ఆయన టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా ముఖంలో ఏదో వెతికాడు. దొరకలేదు. ఆ రోజు నా కొలత తప్పు రాసుకున్నాడు, ఆ ప్యాంటు తర్వాత వదులైంది. నేను దాన్ని కూడా ఆయన వయసు మీదికి తోసేశాను. ఆయన ఏమనుకుని ఉంటాడో ఇప్పుడు తెలుసు. సార్‌కి అంతా తెలుసు, తెలిసే పక్కన కూచుంటున్నడు, వాళ్ళూ వాళ్ళూ ఒకటే.

రంజాన్ ముందు నెల అది. దర్జీకి ఏడాది పనంతా ఆ నెలలోనే. గుడ్డల మూటలు పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ఒక శుక్రవారం పొద్దున, క్లాసులు లేని వేళ, సఫారీ ఆయన దర్జీని వెంటబెట్టుకుని మేడ మీదికి వచ్చాడు. చేతిలో స్టాంపు కాగితం. ఆ గది స్థలం తమ పంజగుట్ట ఆయన కొన్నాడని, గది ఖాళీ చెయ్యడానికి దర్జీ ఒప్పుకున్నాడని, ఒప్పందం రాయాలని, ఎక్కడో రాయిస్తే తప్పులు పోతాయి, మీరైతే మాట పొల్లుపోదు మాస్టారూ అని చెప్పాడు. నేను పొంగిపోయాను. పెన్సిల్ తీశాను. అది మొద్దుబారి ఉంది. చెక్కుకుంటే బాగుండేది. మనవాడు ఎదురుచూస్తుంటే పెన్సిల్ చెక్కుతూ కూచోవడం మర్యాద కాదనుకున్నాను.

ఆయన చెప్పాడు, నేను రాశాను. రెండు తరాలుగా ఉన్న గదిని, నెల తిరిగే లోపల, నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, వదిలిపెడుతున్నాను. ఎవరి ఒత్తిడీ లేకుండా. నేను ఆ మాట దగ్గర పెన్సిల్ ఎంత వత్తానో, లేదో, దేవుడికి తెలియాలి. దర్జీ మధ్యలో ఒక్కటే అడిగాడు. రంజాన్ పని అయిపోయేదాకా ఆగమన్నాడు. తీసుకున్న గుడ్డలు కుట్టి ఇయ్యకపోతే జనం ముఖం ఎట్ల చూడాలె అన్నాడు. సఫారీ ఆయన విసుక్కోలేదు. బల్ల మీద కాస్త వెనక్కి జరిగి, చొక్కా అంచు కిందికి లాక్కుని, చెయ్యి అక్కడే ఉంచి, చిన్నగా ఒక మాట అన్నాడు. నాకు వినపడింది ఇలా:

"ఫికరెందుకు మాస్టర్. ఎక్కడికెళ్ళినా నా కన్ను మీ మీదే ఉంటుంది."

ఎంత మంచి మాట అనుకున్నాను. పోయేవాణ్ణి కూడా కనిపెట్టుకుని ఉంటానంటున్నాడు. అలవాటు కొద్దీ ఆ మాట కూడా గీసేశాను, పక్కమాటలన్నీ గీసినట్టే. దర్జీ నా వైపు తిరిగాడు. ఆ చూపు ఇవాళ్టికీ నా మెడ వెనక ఉంది.

"సార్, మీరు చూస్తున్నరు గద."

"చూస్తున్నాను మాస్టర్. కానివ్వండి" అన్నాను.

నేను ఆ ఒప్పందం స్టాంపు కాగితం మీద టైపు కొట్టిచ్చాక ఆయన కానిచ్చాడు. ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి, పొడుగ్గా సంతకం చేశాడు. నేను అడుగున "పై విషయములు నా సమక్షమున జరిగినవి" అని చేర్చి, సాక్షిగా సంతకం పెట్టాను. నా భాషాభిమానం ఒకటి ఏడ్చింది కదా, ఆ రోజే పిల్లలకు పాఠం కూడా చెప్పాను. అక్షి అంటే కన్ను. సాక్షి అంటే కన్నున్నవాడు. సమక్షం, ప్రత్యక్షం, పరోక్షం, అన్నిట్లోనూ కన్నే ఉంది చూడండి, అని. వాటిలో ఉంది. చెబుతున్నవాడికే లేదు.

పది రోజుల తర్వాత కిందికి దిగితే గదిలో మూటలు కడుతున్నారు. దర్జీ నా ప్యాంటు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టాడు. "తీసుకోండండీ" అన్నాడు. అండీ. ఆయన నోట ఆ మాట ఎన్నడూ వినలేదు. మా యాసని మాకే తిప్పికొట్టాడని అర్థమయ్యేసరికి చెవులు కాలాయి. ఇష్టపడే కదా ఒప్పుకున్నారు, నా మీద కోపమెందుకు అని అడిగాను.

ఘోడా నడుముకి పెట్టుకొని ఎదురుగ కూసుంటే ఎవడు ఇష్టపడడు సార్, అన్నాడు. నేను, గుర్రప్పందాలకీ గది ఖాళీ చెయ్యడానికీ ఏం సంబంధం అన్నాను.

ఆయన చేతిలో మూట తాడు ఆగిపోయింది. "గుర్రప్పందాలా" అన్నాడు. స్టూలు మీద కూలబడి నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా సంతోషం లేదు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, కొలతల పుస్తకం తీసి, ఒక పేజీ నా ముందు పెట్టాడు. ఛాతీ, భుజం, పొడుగు, చెయ్యి. వాటి కింద ఉర్దూలో ఒక మాట, పక్కన జానెడు పొడుగుకి కాస్త తక్కువయ్యే అంకె ఒకటి. అదేమిటని అడిగితే, ఘోడా కొలత, అన్నాడు. సఫారీ ఆయన కొలతలకి వచ్చిన రోజున నడుము నుంచి దాన్ని తీసి కత్తిరింపు బల్ల మీద పెట్టాడట. ఇది పెట్టుకుని వంగినా, లేచినా, స్కూటరెక్కినా పైకి తెలియకూడదు, అట్లా కుట్టు, అన్నాడట. మా దర్జీ టేపు పెట్టి దాన్ని కొలిచాడు. కుడి పక్క రెండు వేళ్ళు ఎక్కువ వదిలాడు. లోపల ఒక సంచీ పెట్టాడు. కుట్టనంటే ఏమయితుండెనో ఎరుకనా సార్, అన్నాడు. అప్పటికి గది సంగతి ఆయనకి తెలియదు. తన గది మీదికి వచ్చే కుట్రకి తానే కుట్టు వేశాడు.

నేను నమ్మనట్టు కనపడ్డానేమో. ఆ కొలతకే కుట్టి, ఆ సాబ్ వద్దన్నాక మిగిలిపోయిన సఫారీ ఒకటి మేకుకి వేలాడుతుంటే నాకు తొడిగాడు. తన పెద్ద కత్తెర లోపలి సంచీలో దోపాడు. అద్దం ముందు నిలబెట్టాడు. వంగమన్నాడు, లేవమన్నాడు.

"కనబడ్తుందా సార్?"

"లేదు."

"కనబడదు" అన్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన ముఖంలో పనివాడి గర్వం వచ్చింది. వెంటనే అది సిగ్గయింది. కత్తెర తీసుకుని అటు తిరిగాడు.

నేను మేడ మీదికి పరిగెత్తి నోటు పుస్తకం తీశాను. ఆ శుక్రవారం పేజీ. "నా ... మీ మీదే ఉంటుంది." మధ్యలో అడ్డగీత, దాని చివర నకారానికి కొక్కెం. సన్నమా, మందమా? మొద్దు పెన్సిల్. వెలుతురుకి పట్టుకున్నాను, పక్కగా చూశాను, వేలు పెట్టి తడిమాను. కన్ను అనుకుంటే కన్ను. గన్ను అనుకుంటే గన్ను. ఇన్నేళ్ళు పిల్లల చేతుల మీద స్కేలు పెట్టి కొట్టిన తేడా, నా గీతలో నేనే చెప్పలేకపోయాను.

పంజగుట్టలో నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉండేవాడు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి, నా సాక్షి సంతకం వెనక్కి తీసుకుంటానని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. తుపాకి మీరు చూశారా అన్నాడు. లేదన్నాను. బెదిరింపు విన్నారా అన్నాడు. కన్నో గన్నో విన్నానన్నాను. పుస్తకం చూపించమన్నాడు, చూపించాను. ఆయన తిరగేసి చూశాడు. ఇది ఎవరైనా చదవగలరా అంటే, నేను చదవగలను, ఈ ఒక్క మాట తప్ప, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టారూ, ఇప్పుడు మీరు కోర్టులో నిజం చెబితే, నేను తుపాకి చూడలేదు అని చెప్పాలి. వాళ్ళకి కావలసింది కూడా అదే కదా."

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ లవంగం తెచ్చింది. మర్నాడు పొద్దున ఇన్‌స్టిట్యూట్‌లో పెన్సిల్ చెక్కాను, సూదిలా. ఆ గీత మీద మొన పెట్టాను. ఒక్కసారి వత్తితే చాలు, క కాస్తా గ అవుతుంది. పెట్టిన పెన్సిల్ పెట్టినట్టే పుస్తకం పట్టుకుని కిందికి దిగి దర్జీకి చెప్పాను, ఈ గీత మందం చేసి, గన్ను అన్నాడని సాక్ష్యం చెబుతాను, కోర్టుకు పోదాం అని. ఆయన పుస్తకం వంక చూడలేదు.

"ఘోడా కోర్టుకు సుత వస్తది సార్. నేను కుట్టిన సఫారీల కూసోని వస్తది. అక్కడ కూడ ఎవ్వరికి కనబడది."

ఆ సాయంత్రమే మిషను రిక్షాలో ఎక్కించాడు. సగం గుడ్డలు కుట్టకుండానే తిరిగి ఇచ్చేశాడు. ఇంటింటికీ తానే వెళ్ళి, చేతులు పట్టుకుని మరీ ఇచ్చాడట.

నా కోపం ఒకే ఒక్కసారి బయటపడింది. రెండు నెలల తర్వాత, పంజగుట్ట చౌరస్తాలో, ఖైరతాబాద్ పోయే బస్సు కోసం నిలబడ్డాను. ఎండ. పదిహేను ఇరవై మంది జనం. సఫారీ ఆయన అక్కడే ఉన్నాడు, మీగడ రంగు సఫారీలో. నన్ను చూసి తనే దగ్గరికొచ్చాడు. నడుం పూర్తిగా తగ్గిపోయిందండీ మాస్టారూ, అంతా మీ తైలం మహిమ, అన్నాడు.

నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది.

"ఈయన నడుముకి తుపాకి ఉంది" అన్నాను. క్లాసులో డిక్టేషన్ చెప్పే గొంతుతో, అందరికీ వినపడేలా.

జనం తిరిగి చూశారు. నన్ను చూశారు. బక్క మనిషి, నల్ల గొడుగు, వదులు ప్యాంటు. ఒకామె సంచీని నాకు దూరంగా అటుపక్కకి మార్చుకుంది. ఒక కుర్రాడు, కృష్ణానగర్ సినిమా వేషాల వాళ్ళ జుట్టు ఉన్నవాడు, "షూటింగా అన్న? కెమెరా ఏడున్నది?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. మీగడ సఫారీ వంక ఒక్కడు కూడా చూడలేదు. ఆయన కంగారు పడలేదు. మా మాస్టారండీ, ఎక్కువ చదువుకున్నారు, ఎండ పడదు, అని వాళ్ళతో చెప్పాడు. పక్కనున్న సోడా బండి దగ్గర వంగి, ఐసు తొట్లోంచి సీసా తీసి, బొటనవేలితో కొట్టి, గోలీ సోడా నా చేతిలో పెట్టాడు. నా మొత్తం తిరుగుబాటుకి నాకు దక్కిన గోలీ అది. ఇంకా సిగ్గులేని సంగతి చెప్పనా. తాగాను. దాహమేసింది.

దర్జీ అప్పటికి సనత్‌నగర్‌లో, ఒక రేకుల షెడ్డులో, ఫ్యాక్టరీ పనివాళ్ళకి ఖాకీ బట్టలు కుడుతున్నాడు. అన్నీ ఒకటే కొలత, చిన్నది, నడిమిది, పెద్దది. మనిషిని చూడకుండా కుట్టే పని. మరుసటి ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ మిషనే, చక్రం మీద ఆ మెరుపే. స్టూలు లాగి కూచోమన్నాడు. మళ్ళీ సార్ అన్నాడు, నా ప్రాణం లేచొచ్చింది. చౌరస్తా సంగతి మొత్తం చెప్పాను, సోడాతో సహా. మధ్యలో నవ్వుతాడనుకున్న చోట నవ్వలేదు.

గా మీగడ రంగుదేనా, అని అడిగాడు. అవునన్నాను. సోడా సీసాకి వంగిండా అన్నాడు. వంగాడన్నాను. అంత మంది నడుమ, ఎండల, వంగితే సుత పైకి లేవలేదా అన్నాడు. లేవలేదు మాస్టర్, నేను కళ్ళు పెట్టి చూశాను, ఈసారి నిజంగా చూశాను, గీత కూడా కనపడలేదు, అన్నాను.

ఆయన చేతిలో ఖాకీ గుడ్డ అటూ ఇటూ తిప్పాడు. సూది కింద పెట్టాడు, తీశాడు. ఇంకెన్నాళ్ళు వేసుకుంటాడో ఆ సఫారీని, చిరిగితే గాని పైకి తెలియదు, అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మంచి టెరికాట్ సార్" అన్నాడు, నా వైపు చూడకుండా. "రెండు దారాలేసి కుట్టిన. చిరగదు."

చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. ఇక ఆ షెడ్డులో మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.